మహారాజశ్రీ రెడీ టు ఫ్లై విమానం గారి దివ్యసముఖానికి

ఉభయకుశలోపరి. మీ క్షేమసమాచారాలు మీరు దిగివచ్చిన అట్టపెట్టె మీదే రంగురంగుల అక్షరాల్లో ముద్రించి ఉన్నందువల్ల విడిగా అడిగే శ్రమ మాకు తప్పింది. జిగురు అక్కర్లేదు, పనిముట్లు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, పదిహేను నిమిషాల్లో ఆకాశంలో ఉంటారు అని అక్కడ రాసి ఉంది. ఆ వరసలో రావలసిన మరొక మాటను మీరు మర్యాద కొద్దీ అచ్చు వేయించలేదు గాని, చదివినవారికి అది అర్థమవుతూనే ఉంది: పక్కన మనిషి కూడా అక్కర్లేదు. రేడియో కంట్రోల్ విమానాలు కట్టుకునేవారిని తరతరాలుగా పీడిస్తున్న స్నేహితుల బెడదను ఒక్క అట్టపెట్టెతో వదిలించిన మీ ఘనకార్యాన్ని సవినయంగా కొనియాడటమే ఈ లేఖ ఉద్దేశం.

మేమెవరమో మీకు తెలిసే అవకాశం లేదు. హైదరాబాదు పొలిమేరల్లో రోడ్లు వేసి, హద్దురాళ్లు పాతి, ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక ఇల్లు కట్టుకునేవాడు మాత్రం ఒక్కడూ రాని వెంచర్లు మీరు పైనుంచి చూసే ఉంటారు. ఆదివారం తెల్లవారేసరికి ఆ రోడ్లలో ఒకదాన్ని రన్‌వే అనుకుని చేరే జనం మేము. మాలో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, పళ్ల డాక్టరుగారు ఒకరు, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకుని నేటికీ ఆ పిచ్చి వదలని బ్యాంకు ఉద్యోగి ఒకరు, ఫైనలియర్ ప్రాజెక్టు పేరు చెప్పి వచ్చి, ప్రాజెక్టు అయిపోయాక కూడా వెళ్లని ఇంజినీరింగ్ కుర్రాళ్లు కొందరు. వీరికి వయసులో, జీతంలో, రాజకీయాల్లో, చివరికి టీలో వేసుకునే చక్కెర విషయంలో కూడా పొంతన కుదరదు. విమానం కట్టడం అనే దురలవాటు లేకపోతే వీరు ఒకరి ముఖం ఒకరు చూడవలసిన అగత్యమే ఉండేది కాదు. అంతటి ప్రశాంతతను మాకు ఇవ్వగలిగి కూడా మీరు ఇంత ఆలస్యంగా వచ్చారన్నదే మా విచారం.

మీరు రాకముందు మేము అనుభవించిన యాతనలు కొన్ని మనవి చేసుకోనివ్వండి. ముందుగా ప్లాను కాగితాన్ని ఒక పాత తలుపు మీద పరిచి, దానిపైన పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి, ఆపైన బాల్సా పుల్లలను గీతల వెంబడి గుండుసూదులతో నిలబెట్టేవాళ్లం. బాల్సా ఎక్కడో ఈక్వెడార్‌లో పెరిగే చెట్టు. ఘనమీటరుకు సుమారు 160 కిలోలు, అంటే మన టేకు బరువులో పావు వంతు తూగుతుంది. పెద్ద గాలిమరల రెక్కల్లోనూ దాన్నే వాడటం మొదలుపెట్టాక మా బోటివాళ్లకు ధర వినడమే ఒక వినోదమైంది. అంత ఖరీదు పెట్టి కొన్న పలకల్లోనూ ఏ రెండూ ఒక్క బరువు ఉండవు. కాబట్టి ప్రతి పలకనూ త్రాసులో వేసి, తేలికైనవి తోకకు, గట్టివి రెక్క పొడవునా సాగే స్పార్‌కు కేటాయించాలి. ఆ కేటాయింపు జరిగే రాత్రి మా మధ్య నడిచే వాదం అన్నదమ్ముల ఆస్తి పంపకాన్ని తలదన్నేది. మీ ఫోమ్ రెక్కలు అచ్చులోంచి ఊడి పడతాయి గనుక, వాటి గురించి పోట్లాడి, అలిగి, మళ్లీ మిర్చి బజ్జీల దగ్గర రాజీ పడే దుర్గతి మీ యజమానులకు ఏనాటికీ పట్టదు.

రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి రిబ్బులన్నీ నిలబెట్టాక రెండు రెక్కలను నడుమ కలపాలి. కొసలు కాస్త పైకి లేచి ఉండేలా, ఆ కోణం రెండు వైపులా సమానంగా వచ్చేలా పట్టుకుని, అతుకులో సయనోఅక్రిలేట్ జిగురు పోయాలి. భగవంతుడు మనిషికి రెండే చేతులు ఇచ్చాడు గాని ఈ పనికి కనీసం నాలుగు కావాలి. పైగా ఆ జిగురు తేమ తగిలితే బిగుసుకుంటుంది. బాల్సా కన్నా మనిషి వేలిలోనే తేమ ఎక్కువ. ఒక రాత్రి డాక్టరుగారి బొటనవేలూ బ్యాంకు ఉద్యోగి చూపుడువేలూ ఏకమైపోగా, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఆ జిగురును కరిగించే అసిటోన్ వచ్చేదాకా ఒకరి ఇంటి విషయాలు ఒకరికి చెప్పుకోవలసి వచ్చింది. అంతకు ముందు వారిద్దరి మధ్య విమానం తోకలో పైకీ కిందికీ కదిలే ఎలివేటరు గురించి తప్ప మాట నడిచేది కాదు. అప్పటినుంచీ పండగలకు రాకపోకలు కూడా పెట్టుకున్నారు. మీలాంటివారు ఆ రాత్రి ఆ బల్ల మీద ఉండి ఉంటే ఈ అనర్థం జరిగేదే కాదు.

తరువాత రెక్క మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము కప్పడం. ఇస్త్రీపెట్టె వేడి తగలగానే ఆ ఫిల్ము బిగిసి డప్పులా మోగుతుంది. కాస్త వేడెక్కువైతే రెక్కనే మెలిపెడుతుంది. ఆ మెలిక తీయాలంటే ఒకరు రెక్కను ఎదురు తిప్పి పట్టుకోవాలి, మరొకరు మళ్లీ వేడి పెట్టాలి. ఇక్కడా ఇద్దరు! చూశారా, ఈ వ్యసనంలో ఏ మూల తడిమినా రెండో మనిషి తగులుతూనే ఉంటాడు. దాన్ని రూపకల్పన చేసినవారి బుద్ధి తక్కువతనం కాకపోతే ఇదేమిటి?

విమానం బరువు ముందుకూ వెనక్కూ సమంగా తూగే బిందువైన గరిమనాభి సంగతి చెబితే మీకు నవ్వు వస్తుంది. మీ పొట్ట కింద ఫ్యాక్టరీవారే రెండు చుక్కలు పెట్టి పంపుతారు. మేమైతే రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మూడో వంతుల నడుమ ఎక్కడో ఉండే ఆ బిందువు కోసం విమానాన్ని రెండు వేళ్ల మీద ఎత్తి, ముక్కు వాలుతోందా, తోక వాలుతోందా అని చుట్టూ చేరి చూసేవాళ్లం. తోక బరువైతే విమానం ఎగిరేది ఒక్కసారేనని అందరికీ తెలుసు. అయినా ముక్కులో ఎన్ని సీసపు గుండ్లు వేయాలన్న దానిపై ఎవరి లెక్క వారిది. కుర్రాళ్లు ఫోన్లో సూత్రం వేసి దశాంశాలతో సహా చెబుతుంటే, పెద్దాయన విమానాన్ని ఓసారి చేతిలో ఊపి చూసి, "ఇంకొక్కటెయ్ బిడ్డా" అని ఊరుకునేవారు. ఎవరి మాట నెగ్గిందో ఇక్కడ రాయను. కుర్రాళ్లు ఈ లేఖ చదువుతారు.

మాట్లాడుకోవలసిన అవసరాన్ని మీకన్నా ముందే కొంత తగ్గించిన మహానుభావులు ఉన్నారని ఒప్పుకోక తప్పదు. 35, 72 మెగాహెర్ట్జ్ రేడియోల కాలంలో ఒకే చానెల్‌లో ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు ఆన్ చేస్తే పైన ఎగురుతున్నవాడి విమానం నేలకూలేది. అందుకని మైదానంలో ఒక బోర్డు పెట్టి, దానికి చానెల్ నంబర్ల క్లిప్పులు తగిలించేవారు. క్లిప్పు చేతిలో ఉన్నవాడే రేడియో ముట్టుకోవాలి. మైదానంలోకి అడుగుపెట్టిన కొత్తవాడి మొదటి మాట నమస్కారం కాదు, "మీరు ఏ చానెల్ మీద ఉన్నారండీ?" అన్న ప్రశ్న. ఆ తరువాత వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు తమ రిసీవరును తామే గుర్తుపట్టి, పక్కవాడి సంకేతాన్ని తప్పుకుంటూ పోతాయి. విమానాలు కూలడం తగ్గింది, దాంతోపాటు ఆ పలకరింపూ పోయింది. మొదటిదానికి మేము నిజంగానే సంతోషించాం.

అయితే మీ అసలు మహత్తు మీ పొట్టలో ఉండి, ఒరుగును పసిగట్టి తానే సరిచేసే గైరో అనే పరికరంలో ఉంది. మీరు గాలికి వంగరు, కొత్తవాడు భయపడితే ఒక మీట నొక్కగానే మీకై మీరే సమంగా నిలబడతారు. మా కాలంలో ఆ గైరో స్థానంలో ఒక మనిషి ఉండేవాడు. రెండు ట్రాన్స్‌మిటర్లను ఒక తాడులాంటి వైరుతో కలిపి, ఒకటి నేర్చుకునేవాడి చేతికి ఇచ్చి, రెండోది గురువు పట్టుకునేవాడు. గురువు మీట నొక్కి పట్టినంతసేపే శిష్యుడి చేతికి విమానం. వదిలితే ఆ క్షణమే తిరిగి గురువుది. విమానం మన నుంచి దూరంగా పోయేటప్పుడు అంతా సవ్యమే. మన వైపు తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దాని ఎడమ మన కుడి అవుతుంది, మెదడు తిరగబడుతుంది, కొత్తవాడు స్టిక్‌ను సరిగ్గా తిప్పకూడని వైపే తిప్పుతాడు. అప్పుడు పక్కనుంచి తిట్టు ఒకటి వస్తుంది, ఆ వెనకే ఉపాయం: ఏ రెక్క కిందికి వాలితే స్టిక్ అటే నొక్కు, రెక్క కింద గుంజ పెట్టినట్టు లేస్తుంది. ఆ మాట చెవిన పడ్డాక ఇంకెవరూ నేర్పక్కర్లేదు. ఆ తాడు అటుచివర నిలబడి, వేలు మీట మీద ఆనించి, ఎదుటివాడు ఎంత దూరం తప్పు చేసేదాకా ఊరుకోవచ్చో కొలుచుకుంటూ నిలబడటం ఎంత ఓపిక పనో మీ గైరోకు తెలియదు. అది తప్పు చేయనివ్వదు గదా!

ఈ దురాచారం మాతో మొదలైంది కాదని మనవి. అమెరికాలోని మిషిగన్‌లో కలమజూ అనే ఊళ్లో వాల్టర్, విలియం గుడ్ అనే కవలలు 1937లో 'గఫ్' అనే విమానాన్ని రేడియోతో నడిపి చూపారు. ఒకరికి విమానాలు కట్టే పిచ్చి, మరొకరికి రేడియో పిచ్చి. ఏ ఒక్కరికైనా రెండు పిచ్చులూ ఉండి ఉంటే రెండోవాడికి పని ఉండేది కాదు. ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మేనార్డ్ హిల్ అనే పెద్దాయన అంతకన్నా గట్టి పిండం. చూపు దాదాపు పోయి, చెవులు సరిగా వినపడని స్థితిలో, 77 ఏళ్ల వయసులో, బాల్సాతో కట్టిన ఐదు కిలోల లోపు విమానాన్ని 2003 ఆగస్టులో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్‌కు అట్లాంటిక్ మీదుగా పంపించారు. 38 గంటల 52 నిమిషాల్లో దాదాపు 3,030 కిలోమీటర్లు! అంతకు ముందు పంపినవి సముద్రం పాలయ్యాయి. నడి సముద్రంలో దాన్ని నడిపింది ఆటోపైలట్టే కదా అని మీరు మీసం మెలేస్తారేమో, నిజమే. కాని దాన్ని గాలిలోకి లేపినవీ, అవతలి ఒడ్డున కాచుకుని కూర్చుని నేలకు దించినవీ మనుషుల చేతులే. ఆ విమానానికి పెట్టుకున్న పేరు 'స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫార్మ్'. తన పొలంలో ఎగరేసుకోనిచ్చిన స్నేహితుడి పొలం పేరు అది. మీ పక్కటెముకల మీద మోడల్ నంబరు తప్ప ఇలాంటి మొహమాటాలేవీ ఉండవు.

మీకు వాసన కూడా లేదు. మా విమానాలకు బిగించే గ్లో ఇంజిన్లనే చిన్న ఇంజిన్ల ఇంధనంలో మిథనాల్‌తో పాటు ఆముదం కలుస్తుంది. నాలుగు పాళ్లకు ఒక పాలు అన్నది పాతకాలపు లెక్క. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని మన పెద్దలు ఎగతాళికి అన్నారు గాని, కాలిన ఆముదం వాసన పట్టిన చొక్కాతో ఇంటికి వెళ్లిన ఏ ఆదివారమూ మాకు ఆ సామెతలో ఎగతాళి కనిపించలేదు.

ఇంతవరకూ మీ గుణగణాలు వర్ణించాను. ఒక్క గుణం మాత్రం మీ పెట్టె మీద అచ్చు వేయకుండా దాచుకున్నారు, అదే మీలోకెల్లా గొప్పది. మీరు విరుగుతారు. గైరో ఎంత తెలివైనదైనా కరెంటు స్తంభాన్ని గుర్తించదు. మొన్న ఒక పదో తరగతి పిల్లవాడు మిమ్మల్ని రెండు ముక్కలుగా సంచిలో వేసుకుని మా వెంచరు రోడ్డు మీదికి వచ్చాడు. ఆ భాగం ప్రస్తుతం స్టాకులో లేదని అమ్మినవారు చెప్పారట. ఎవరిని అడగాలో తెలియక, అందరిలోకీ తెల్లజుట్టు ఎక్కువ ఉన్నవారి దగ్గర నిలబడి, "అంకుల్, ఇది అతుకుతుందా?" అన్నాడు.

"ముక్కలన్నీ తెచ్చినవా బిడ్డా? ఇట్ల కూసో," అన్నారు పెద్దాయన.

ఫోమ్‌ను తినేయని జిగురు డాక్టరుగారి పెట్టెలో ఉంది. లోపల బలానికి వెదురుపుల్ల కావాలి, అది కుర్రాళ్ల దగ్గర దొరికింది. విరిగిన పుష్‌రాడ్ (తోక పలకను కదిపే కడ్డీ) బదులు సైకిల్ పుల్ల వంచారు. జిగురు ఆరేదాకా ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి గనుక పిల్లవాడు ఒక పక్క, బ్యాంకు ఉద్యోగి ఒక పక్క పట్టుకున్నారు. రెక్కకు ఆ వంపు ఎందుకని పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్నకు మాలో ప్రతివారి దగ్గరా ఒక జవాబు ఉన్నందువల్ల ఎండెక్కేదాకా ఇళ్లకు వెళ్లలేదు. మరుసటి ఆదివారం వాడు మిమ్మల్ని తేలేదు. ఒక ప్లాను కాగితం తెచ్చాడు.

కాబట్టి మహాశయా, దయచేసి వస్తూ ఉండండి. మీ తయారీదారులకు చెప్పి ముక్కు భాగం ఇప్పుడున్నంత పెళుసుగానే ఉంచమనండి, విడిభాగాలు స్టాకులో పెట్టవద్దనండి. తమరిని ఇంతకన్నా కోరేది లేదు.

ఇట్లు,
తమ విధేయులు,
వెంచరు రోడ్డు మీది ఆదివారం జనం

తా.క.: మీ మోటారు, కదిలే పలకలను తిప్పే రెండు సర్వోలు ఆ పిల్లవాడు కడుతున్న ట్రైనరులోకి, అంటే నేర్చుకునేవారి విమానంలోకి, వెళుతున్నాయి. గైరో ఇంకా బల్ల మీదే ఉంది, ఎవరికైనా కావాలంటే ఇస్తాం. కాక్‌పిట్ మీది ప్లాస్టిక్ మూత మాత్రం ఇచ్చేది లేదు, గుండుసూదులు పోసుకోవడానికి సరిగ్గా సరిపోయింది.