ఊరికే కూర్చోని ప్రాసెసర్‌కు జేజేలు

కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీ. తెర మీద ఒక్క ఫైలూ తెరిచి లేదు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వినియోగం 2 శాతం, దాని పక్కనే వేగం 4.2 గిగాహెర్ట్జ్. ఈ రెండు అంకెలూ ఒకేసారి కంటపడితే చాలు, బాగా చదువుకున్నవాళ్లు సైతం బెంబేలెత్తిపోతున్నారు. పని లేనప్పుడు ఒక గిగాహెర్ట్జ్‌కో, అంతకంటే కిందికో దిగాలి కదా, ఎందుకు దిగలేదంటూ తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఫోన్లు చేస్తున్నారు. ఒకరు ఫార్మాట్ చేయమంటారు, ఒకరు థర్మల్ పేస్టు మార్చమంటారు, ఇంకొకరు అసలు కొత్తదే కొనేయమంటారు. పని లేకపోయినా నడుం వాల్చని దాన్ని చూసి ముచ్చటపడాల్సింది పోయి, రోగమేదో పట్టుకుందని వైద్యం చేయిస్తున్నాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని లోకానికి చెప్పినవాళ్లం మనమేనా అని అనుమానం వస్తోంది.

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ దాన్ని 90కి తీసుకెళ్లారు. టీవీల్లో, టిఫిన్ సెంటర్లలో వారాల తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఈలోగా వారంలో ఉన్న 168 గంటలనూ ఎవరూ అడగకుండానే సమర్పించుకున్నది ఒక్క మీ బల్ల కింది డబ్బాయే. ఓవర్‌టైం అడగలేదు, సంఘం పెట్టలేదు. దానికి బలవంతపు సెలవు ఇప్పించడానికి మీరు ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని సెట్టింగులు వెతుకుతున్నారు.

ఈ సోమరి సంస్కృతి మూలాలు లోతైనవి. 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 చిప్పులోనే హెచ్‌ఎల్‌టీ అనే ఆదేశం ఉంది. మళ్లీ ఎవరైనా పిలిచేదాకా ఆగిపొమ్మని దాని అర్థం. ఆ సౌకర్యాన్ని వాడుకోవాలన్న దుర్బుద్ధి చాలాకాలం పాటు పెద్దగా ఎవరికీ పుట్టలేదు. విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో మీరు మీట నొక్కేదాకా కంప్యూటర్ "నొక్కారా, నొక్కారా" అని పూర్తి వేగంతో అడుగుతూ కూర్చునేది. విండోస్ 95 సైతం ఖాళీ సమయంలో ఆ ఆదేశం జోలికి పోలేదు. పని ఉన్నా లేకున్నా ఒకటే ఉత్సాహం, ఒకటే వేడి. అది చూసి ఓర్వలేనివాళ్లు బయటి నుంచి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి మరీ ప్రాసెసర్‌ను నిద్రపుచ్చారు.

ఆ తర్వాత పతనానికి పగ్గాలు లేకుండా పోయాయి. 2000లో ఇంటెల్ ల్యాప్‌టాప్ పెంటియంలకు వేగాన్నీ వోల్టేజీనీ తగ్గించే స్పీడ్‌స్టెప్ ఇచ్చింది. 2003లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ తెచ్చిన అథ్లాన్ 64తో ఈ జాడ్యం కూల్ ఎన్ క్వయెట్ అనే ముద్దుపేరుతో డెస్క్‌టాప్‌లకూ అంటుకుంది. 2015లో ఇంటెల్ స్కైలేక్ తరంతో వచ్చిన స్పీడ్ షిఫ్ట్ అయితే మరీ దారుణం. ఎప్పుడు వేగం తగ్గించుకోవాలో ఆపరేటింగ్ సిస్టమ్‌ చెప్పనక్కర్లేదు, ప్రాసెసరే చూసుకుంటుంది. సెలవు చీటీ తానే రాసుకుని తానే సంతకం పెట్టుకునే ఉద్యోగిని ఏ ఆఫీసులోనైనా చూశారా? (చూశామని కొందరు ఉత్తరాలు రాస్తారు. వద్దు, నాకూ తెలుసు.)

సోమరితనాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు భౌతికశాస్త్రాన్ని అడ్డం పెట్టుకుంటారు. చిప్పు పనిచేస్తూ తినే కరెంటు దాని వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుందట. వేగం సగానికి తగ్గించి, దాంతోపాటు వోల్టేజీని 20 శాతం దించితే 0.5ని 0.64తో గుణించాలి. అంటే ఖర్చు మూడో వంతు కూడా ఉండదు. లెక్కలో తప్పు లేదు. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన నీతి సరిపోయినట్టా?

కాబట్టి మీ ప్రాసెసర్‌ను చెడగొట్టేవాళ్లు ఏయే దారుల్లో వస్తారో తెలిసి ఉండటం మంచిది. మొదటి దాడి పవర్ ప్లాన్ మీద, అంటే కరెంటు ఎంత వాడాలో చెప్పే విండోస్ సెట్టింగుల మీద జరుగుతుంది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలోని చిలకలో ఉన్నట్టు, ఈ పరుగు రహస్యం కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, అక్కడి ప్లాన్ సెట్టింగుల్లో, వాటి అడుగున అడ్వాన్స్‌డ్ అనే చిన్న అక్షరాల వెనక, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ పక్కనున్న కూడిక గుర్తు నొక్కితే బయటపడే మినిమమ్ ప్రాసెసర్ స్టేట్‌లో ఉంటుంది. హై పర్ఫార్మెన్స్ ప్లాన్‌లో అక్కడ 100 శాతం అని ఉంటుంది. బ్యాలెన్స్‌డ్‌లో మామూలుగా 5. ఆ 100ని చెరిపి 5 వేస్తే చిలక మెడ విరిచినట్టే. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ వరుసను కనపడకుండా దాచేశారు. ఆ పుణ్యం ఎవరిదో గానీ వారికి నమస్కారం.

అసలు ఆ 100ని అక్కడ పెట్టిందెవరని విచారిస్తే కథ రక్తి కడుతుంది. ఆట నత్తనడక నడిచిన ఒకానొక రాత్రి, ఎవరో చెప్పగా హై పర్ఫార్మెన్స్ ఎంచుకుని, తెల్లారేసరికి మరిచిపోయిన యజమానే చాలాసార్లు ఇవాళ్టి ఫిర్యాదుదారు. దీన్ని మించిన అల్టిమేట్ పర్ఫార్మెన్స్ అనే ప్లాన్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ వర్క్‌స్టేషన్ల కోసం విండోస్ 10లో చేర్చింది. ఇతరులకు అది పైకి కనపడదు. పొడవాటి ఆదేశం ఒకటి టైపు చేసి దాన్ని తవ్వితీసి, పెళ్లి శుభలేఖలు దిద్దుకునే కంప్యూటర్లకు తగిలించిన కర్మయోగులు మన మధ్యే ఉన్నారు. లైనక్స్ రాజ్యంలోనైతే ఈ వ్యవహారం వేగాన్ని నిర్ణయించే గవర్నర్లు అనే నియమాల చేతిలో ఉంటుంది. పర్ఫార్మెన్స్ గవర్నర్ గద్దె మీదున్నంతకాలం వేగం కిందికి దిగదు. దించాలంటే గవర్నర్‌నే మార్చాలి, దానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేకపోవడం లైనక్స్‌లోని లోపం.

రెండో దాడి పొరుగువాళ్ల మీద. ప్రాసెసర్‌ను ఎవరు లేపుతున్నారో కనిపెట్టాలని బయల్దేరతారు. కొత్తవాళ్లు మొట్టమొదట పట్టుకునేది సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్‌ను. 98 శాతం అదొక్కటే తినేస్తోందని గగ్గోలు పెట్టి, దాన్ని చంపడానికి మీట మీద మీట నొక్కుతారు. అది ఖాళీ సమయపు లెక్క, 98 శాతం ఏ పనీ లేదని దాని సాక్ష్యం. ఇంత నిజాయతీగా హాజరుపట్టీ రాసినదాన్నే ముద్దాయిని చేశాం.

అసలు దోషులు నెమ్మదస్తుల్లా కనిపిస్తారు. ఫైళ్లకు సూచిక తయారుచేసే సెర్చ్ సేవ, మీరు కాఫీకి లేవగానే తనిఖీ మొదలెట్టే యాంటీవైరస్, కదిలే జలపాతం వాల్‌పేపరు, కీబోర్డుకు రంగురంగుల దీపాలు వేసే సాఫ్ట్‌వేర్. దీపావళి ఏడాదికి ఒకసారే కదా అని దానికి చెప్పేవారు లేరు. వీటన్నిటికంటే గడుసుది టైమర్. విండోస్ గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకు 64 సార్లు టిక్కుమంటుంది. ఏ బ్రౌజరో వీడియో ప్లేయరో వచ్చి నాకు మిల్లీసెకనుకోసారి కావాలంటే, సెకనుకు వెయ్యిసార్లు ప్రాసెసర్ తలుపు తట్టినట్టు. నిద్ర పట్టేదెలా? ఇలా తట్టేవాళ్ల పేర్లు చెప్పే చాడీకోరు ఒకటి విండోస్‌లోనే ఉంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, ఎనర్జీ అని కొడితే 60 సెకన్లు గమనించి నివేదిక రాసిస్తుంది. మన విచారణ సంఘాలు దాన్ని చూసైనా సిగ్గుపడాలి.

దొంగ మైనింగ్ ప్రోగ్రాముల సంగతి వేరు. మీ కరెంటుతో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ఈ బాపతులో కొన్ని, టాస్క్ మేనేజర్ తెరవగానే చేతులు కట్టుకుని నిలబడతాయి, మూయగానే మళ్లీ గునపం అందుకుంటాయి. ఫ్యాను మోత మాత్రం అబద్ధమాడదు. టాస్క్ మేనేజర్ తెరిచిన క్షణాన ఫ్యాను ఠక్కున తగ్గితే అనుమానించాల్సిందే. ఇదొక్కటీ హాస్యానికి చెప్పడం లేదు.

అసలు చిత్రం ఏమిటంటే, నిద్రపోయిందా లేదా అని చూడటానికి వెళ్లి లేపేది కూడా మనమే. 2019 జులైలో ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఖాళీగా ఉన్నా వేగం, వోల్టేజీ దిగడం లేదని కొనుగోలుదారులు గోల చేశారు. కొలిచే సాఫ్ట్‌వేర్లే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే ఒక్కో కోర్‌నూ మాటిమాటికీ పలకరిస్తూ పని కల్పిస్తున్నాయని ఏఎండీ వివరించింది, పవర్ ప్లాన్‌నూ సవరించింది. పసిపిల్లను భుజం తట్టి "నిద్రపోయావా" అని అడిగే తండ్రులు ఈ సాఫ్ట్‌వేర్లు రాశారని నా అనుమానం.

మూడో దాడి బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాములోకి. అక్కడ స్పీడ్‌స్టెప్, సీ-స్టేట్స్ (ప్రాసెసర్ నిద్ర మెట్లు) అనే వరుసలు ఆఫ్‌లో ఉంటే ప్రాసెసర్ సుఖపడదు. ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటి పరుగెత్తిద్దామని వేగాన్ని ఒకే అంకె దగ్గర మేకు కొట్టినా అంతే. వాటిని మామూలు స్థితికి తెచ్చేస్తే కథ ముగిసిందనుకుంటారు. కానీ ఇక్కడే నా గుండె పగిలే నిజం ఒకటుంది. ఇప్పటి ప్రాసెసర్లు పనిని చకచకా ముగించి గాఢనిద్రలోకి జారుకుంటాయి. సీ6 అనే లోతైన నిద్ర మెట్టు దాకా వెళ్లిన కోర్‌కు కరెంటే దాదాపు ఆగిపోతుంది. తెర మీది 4.2 మాత్రం అది మెలకువగా ఉన్న ఆ కాసేపటి వేగం. పైన పటారం, లోన లొటారం! నేను ఇంతసేపూ కొనియాడిన కార్యశూరుల్లో ఎంతమంది గురకపెడుతున్నారో తేలాలంటే గిగాహెర్ట్జ్ కాదు, వాట్లు చూడాలి, ఉష్ణోగ్రత చూడాలి. ఆ రెండూ తక్కువగా ఉంటే మీ కంప్యూటర్‌కు ఏ జబ్బూ లేదు, నాకే ఒక ఆదర్శం పోయింది.

చివరగా ఒక విన్నపం. మినిమమ్ స్టేట్ కిందే మ్యాగ్జిమమ్ స్టేట్ అని ఇంకో వరుస ఉంది. అందులో 100 బదులు 99 పెడితే చాలా కంప్యూటర్లలో మామూలు వేగాన్ని మించి పరుగెత్తించే టర్బో మొత్తంగా ఆగిపోతుంది, ఒక్క శాతానికే ల్యాప్‌టాప్ ఒళ్లు చల్లబడుతుంది. ఈ సంగతి ఇంజనీరింగ్ విద్యార్థుల చెవిన పడకుండా చూడాలని కాలేజీ యాజమాన్యాలను కోరుతున్నాను. హాస్టళ్లలో ఇప్పటికే పొక్కిందని విన్నాను.