సవరణ: బ్యాటరీ కరెంటు లీకేజీ కొలిచే పద్ధతి

కారు రెండు మూడు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతోందన్న పోస్టులో, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వైరు విప్పి, ఆ రెండింటి మధ్యలో మల్టీమీటర్ (కరెంటు, వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టమని, 50 మిల్లీఆంప్స్ దాటితే ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టేనని రాశాను. ఆ అంకె సరైనదే. ఎప్పుడు చూడాలన్నదే అక్కడ లేదు.

మీటర్ తగిలించగానే కారులోని కంప్యూటర్లన్నీ మేలుకుంటాయి. రీడింగ్ ఆంపియర్లలోకి పోతుంది, అది చూసి కంగారు పడొద్దు. తలుపులు మూసి, కీలెస్ కారైతే తాళాన్ని దూరంగా పెట్టి, అరగంట పైనే ఆగాలి. కొన్ని కార్లు ఇంకా ఆలస్యంగా నిద్రపోతాయి. అంకె మెట్లు మెట్లుగా దిగి ఒకచోట నిలబడుతుంది చూడండి, లెక్కలోకి తీసుకోవాల్సింది అదే. అక్కడా 500 మిల్లీఆంప్స్ ఉంటే రోజుకు 12 ఆంపియర్ అవర్స్ (బ్యాటరీలో నిల్వను కొలిచే లెక్క) పోతున్నట్టు. 35 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ మూడు రోజులకు ఖాళీ! డిక్కీ లైటు, బయట షాపులో బిగించిన డ్యాష్‌క్యామ్‌ల మీదే నాకు ముందు అనుమానం.

మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి. అది తగిలించి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఇంకొకటి, 12.6 వోల్టులుంటే ఫుల్ ఛార్జ్ అన్నది రాత్రంతా ఆపి ఉంచిన బండికే. ఇంజిన్ ఆపగానే చూస్తే బలహీనమైన బ్యాటరీ కూడా ఆ అంకె చూపిస్తుంది. పైగా వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు, దానికి లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందా అని చూసే పరీక్ష) చేయించాల్సిందే.