సవరణ: ఆ సైతాను గ్యోథేది కాదు

బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 1968 నాటి ‘సింపతీ ఫర్ ద డెవిల్’ పాటలో మాట్లాడేది సైతానే. దానికి మూలం జర్మన్ కవి గ్యోథే నాటకం ‘ఫౌస్ట్’ అని మొన్న రాశాను. తప్పు. గాయని మరియాన్ ఫెయిత్‌ఫుల్ చదవమని ఆ బృందం గాయకుడు మిక్ జాగర్‌కు ఇచ్చింది బుల్గాకోవ్ రష్యన్ నవల ‘మాస్టర్ అండ్ మార్గరీటా’. ఆ నవల తెరవగానే కనిపించేవి ‘ఫౌస్ట్’ లోని మాటలే. నేను పప్పులో కాలేసింది అక్కడే. నవలలో మాస్కోలోకి దిగే ఆ పెద్దమనిషి, అంటే సైతాను, మర్యాదగా మాట్లాడుతూనే భయపెడతాడు. పాటలోనూ అదే తీరు. యేసుకు సిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు రెండింటిలోనూ ఉన్నాడు. ఫ్రెంచ్ కవి బోదిలేర్ ప్రభావమూ ఉందని జాగరే చెప్పాడు.

ఇంకొకటి వదిలేశాను. పాటలో మొదట ఉన్నది ఒక్క కెనెడీయే, హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ. రికార్డింగ్ సాగుతుండగా, జూన్‌లో ఆయన తమ్ముడు రాబర్ట్ కెనెడీని కాల్చి చంపారు. దాంతో ఆ మాట ‘కెనెడీలు’ అయింది.