దెబ్బలు తింటేనే గట్టిపడతాడా?

చిత్తూరులో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మామ, తిరుపతిలో ఇంటర్ పిలకాయలకు కౌన్సెలింగ్ చేసే మేనకోడలు. మామ మనవడు ఇంటర్ ఫస్టియర్ లెక్కల్లో తప్పినాడు. రెండు రోజులుగా గది దాటి బయటికి రాలేదు.

మామ: చూస్తే కడుపు మండుతా ఉంది అమ్మణ్ణీ. మగపిల్లోడు ఒక్క సబ్జెక్టు పోయిందని దుప్పటి కప్పుకుని ఏడస్తాడా? రేపు తెల్లారకముందే లేపి, చెప్పుల్లేకుండా అలిపిరి మెట్లెక్కిస్తా. 3,550 మెట్లు. పైకి పోయేలోపల ఏడుపంతా చెమటై కారిపోతుంది.

కోడలు: మెట్లెక్కడం మంచిదే మామా. శిక్షగా ఎక్కిస్తావా, పక్కన నడుస్తావా?

మామ: మాకు పక్కన ఎవరు నడిచినారు? నాయన చింతబరికె తీస్తే నోరు మూసుకుని పనికి పోయినాం. గట్టిపడలా?

కోడలు: గట్టిపడినోళ్లే నీ కళ్లకు కనపడతా ఉండారు. ఆ బరికెకు తట్టుకోలేక ఊరొదిలి పోయినోళ్లు, తాగుడుకు పోయినోళ్లు నీ లెక్కలోకి రారు. నీ పనిలోంచే ఒకటి అడుగుతా. పెద్దవాళ్ల షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లోడికి 5 కిలోలే ఎందుకిస్తారు? పెద్ద గుండిస్తే భుజం పోతుంది, విసిరే తీరు వంకరగా అలవాటైపోతుంది, తర్వాత ఎంత దిద్దినా పోదు. ఓర్పుకూ వయసును బట్టి బరువుండాల. ఆరేడేళ్లకు తన బ్యాగు తనే మోయాల, తిన్న తట్ట తనే కడగాల. తొమ్మిది పదేళ్లకు వందనోటుతో అంగడికి పోయి పాలు తెచ్చి చిల్లర అప్పజెప్పాల. పన్నెండుకు చిత్తూరు నుంచి తిరుపతికి ఒక్కడే బస్సెక్కాల. బస్సు తప్పితే ఎవరికి ఫోన్ చేయాలో, జేబులో ఎంత మిగిలుండాలో ముందే మాట్లాడుకోవాల. నాలుగుసార్లకు మూడుసార్లు నెగ్గితే సరైన బరువు. అన్నిసార్లూ నెగ్గితే చాల్లేదు, అన్నిసార్లూ ఓడితే ఎక్కువైంది. మనవాడి సంగతి చూడు. పదో తరగతి దాకా బ్యాగు వాళ్లమ్మే మోసింది. మార్కు తగ్గితే వాళ్ల నాయన బడికి పోయి కొట్లాడినాడు. ఆ పిల్లోణ్ణి తీసుకుపోయి ఉన్నట్టుండి హాస్టల్లో పడేసినారు. తెల్లారి అయిదుకు లేపుతారు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. ఆ వయసుకు ఎనిమిది గంటల నిద్ర తక్కువ కాకూడదు. వాడికి మొట్టమొదట ఇచ్చిన గుండే పెద్దది.

మామ: బాగా చెప్పినావు. కానీ గుండు నేను ఎంచుకుని ఇస్తా. కష్టం అట్లా ఎంచుకుని వస్తుందా? 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు ఎనిమిది, సర్కారు నాలుగు కలిపి కిలో పన్నెండని చెప్పినారు, అదీ చేతికొచ్చేదాకా ఫ్యాక్టరీ గేట్ల కాడ ట్రాక్టర్లు బారులు తీరి నిలబడినాయి. ఆ రైతు కొడుక్కి వయసు చూసి బరువిచ్చిందెవరు? పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరే కూలోళ్లకు నీ బరువుల లెక్క చూసే తీరికేది?

కోడలు: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తీరికుండే ఇళ్లకే ఇదంతా సులువు. అయినా ఆ రైతు ఒకటి చేయగలడు: దాచకుండా చెప్పడం. ఇన్ని టన్నులు కాసింది, ఇంత వచ్చింది, బ్యాంకుకు ఇంత కట్టాల, ఈ ఏడు బండి కొనలేం అని కొడుకును కూర్చోబెట్టి చెప్పాల. దాస్తే, పిల్లోడు అసలు కంటే పెద్దది ఊహించుకుంటాడు. హవాయిలో కవాయ్ అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన వాళ్లలోనూ మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు కలిసొచ్చిన వాటిలో ముఖ్యమైంది, విడవకుండా పట్టించుకున్న పెద్ద మనిషి ఒకరు. అమ్మానాయనే కానక్కర్లేదు, తాత అయినా చాలు.

మామ: మీ కాలానికి అన్నీ భయాలే. అలిపిరి దారిలో కొండకు నడిచిపోయేటోళ్ల చేతికి కట్టెలిచ్చినారే, చిరుతకు కట్టె ఏం చేస్తుంది?

కోడలు: 2023 ఆగస్టులో ఆ దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది మామా. దాన్ని భయమనొద్దు.

మామ: పాపనెందుకు అంటాను? కట్టెను అన్నా.

కోడలు: గుంపుగా పొమ్మన్నారు, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటితే విడవలేదు. అసలు కాపు అదీ.

మామ: మరి కట్టె ఎందుకంట?

కోడలు: సరే, కట్టె విషయంలో నువ్వే గెలిచినావు. ఏడుపు దగ్గరికి రా. 2022లో దేశంలో 1,70,924 మంది ప్రాణం తీసుకున్నారని ఎన్‌సీఆర్‌బీ, అదే కేంద్రం నేరాల లెక్కలు తీసే సంస్థ, లెక్క. నూటికి డెబ్బైకి పైగా మగవాళ్లే.

మామ: అది అప్పులకు, తాగుడుకు. ఏడవకపోవడం వల్ల అని యాడుంది?

కోడలు: కారణం అదొక్కటే అనను. కానీ అప్పైన మాట పెళ్లాంతో కూడా చెప్పలేని మగవాళ్లు ఎందరో నీకు తెలుసు. ఆ నోరు చిన్నప్పుడే కుట్టేస్తాం. ఇప్పుడు నువ్వు చేయాల్సింది విను. ఈ పూట ఎందుకు తప్పినావని అడగొద్దు, అన్నం పెట్టు, నిద్రపోనీ. రేపు కాగితం మీద రెండు గళ్లు గీయించు: చేతిలో లేనివి, చేతిలో ఉన్నవి. రెండో గడిలో సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ, రీకౌంటింగ్, రోజుకు రెండు గంటల లెక్కలు. అందులో ఒకటి ఆ రోజే చేయించు, ఫీజయితే మేలు. పక్కింటోడి మార్కులు ఎత్తొద్దు. ఇంకొకటి, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు, లోపల మోసేవాడికి నోరు తెరుచుకుంటుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయి, 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అది, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మామ: ...ఆ మాట నేను అడగాల్నా?

కోడలు: నువ్వే. వాడు నీ మాటే వింటాడు.

మామ: అడుగుతా. ఫోన్ మాత్రం లాక్కుంటా.

కోడలు: రాత్రి పదికి తీసుకో, పొద్దున ఇచ్చేయి. ఈ వారం వాడికి స్నేహితుల మాట కావాల.

మామ: వాళ్లంతా పాసైనోళ్లే. వాట్సాప్‌లో వాళ్ల స్టేటస్‌లు చూస్తే ఇంకా కుంగిపోడా?

కోడలు: అది నేను ఆలోచించలేదు. సరే, స్టేటస్‌లు మ్యూట్ చేయించు. క్లాసులో తప్పిన పిల్లోడు ఇంకొకడుంటాడు, వాణ్ణి రేపు అన్నానికి పిలువు.