నార్కట్‌పల్లి దాటిన తర్వాత

రోజుకు పది నిమిషాలు కేటాయిస్తే చాలని, చిన్న చిన్న అలవాట్లతోనే ఇల్లు అద్దంలా ఉంటుందని ఈ మధ్య కొందరు బాధ్యత లేకుండా ప్రచారం చేస్తున్నారు. నల్లగొండలో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్న గృహస్థుగా ఈ ధోరణిని ఖండించడం నా విధి అనుకుంటున్నాను. మా ఇల్లు చిందరవందరగా ఉండడానికి కారణం అలవాట్లు లేకపోవడం కాదు. మాకు అలవాట్లున్నాయి, అవి ఎవరు చెప్పినా మారనంత గట్టిగా ఉన్నాయి.

ఉదాహరణకు పడకగదిలోని ప్లాస్టిక్ కుర్చీని తీసుకుందాం. దానిమీద మనిషి కూర్చోగా చూసినవారు మా ఇంట్లో లేరు. ఉతకడానికి వేసేంత మాయక, బీరువాలో పెట్టేంత శుభ్రంగానూ లేక మధ్యస్థంగా మిగిలిపోయిన బట్టలకు అది ఆశ్రయం. అన్నిటికన్నా పైన నిన్నటి ప్యాంటు, దాని కింద మొన్న పెండ్లికి వేసుకున్న అంగీ, ఇంకా కిందికి వెళితే చలికాలం నాటి మఫ్లరు కనిపిస్తాయి. పానగల్లు మ్యూజియంలో శిల్పాన్ని చూసి అది ఏ కాలానిదో చెప్పే పండితులున్నట్టు, ఈ పొరలను చూసి మా ఇంట్లో ఏ నెలలో ఏ శుభకార్యం జరిగిందో మా అమ్మ చెప్పగలదు. ఈ వ్యవస్థ మొత్తం ఒకే వాక్యం మీద నడుస్తుంది: "జర ఈడ పెడుతున్న, మల్ల తీస్త." ఆ 'మల్ల' ఎప్పుడో ఇంతవరకు ఎవరూ అడగలేదు, అడగడం మర్యాద కూడా కాదు.

ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా కుదురుతుందని మా అమ్మాయి ఒకనాడు వాదించింది. ఆ అంకె పుట్టింది అలవాట్ల మీద చేసిన పరిశోధనలో కాదు. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయిన రోగులకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతుందని రాస్తే, లోకం ఆ 'కనీసం' అన్న మాటను వదిలేసి మిగతాది పట్టుకుపోయింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి, సగటున 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని లెక్క తేల్చారు. మా ఇంటివాళ్లం ఏ కొసకు చెందుతామో మాకు సందేహం లేదు. ఉగాదినాడు మొదలుపెడితే మాకు అలవాటు కుదిరేసరికి కార్తీకం కూడా వెళ్లిపోతుంది. ఈలోపు దసరా రానే వస్తుంది, దసరాకు ఎలాగూ ఇల్లంతా దులిపి సున్నాలు వేస్తాం. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా ఆ పరిశోధకులు చెప్పారు. మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన అంశం అదొక్కటే, ఆ ఒకరోజు ఇంకా కొనసాగుతోంది.

వంటింటి గట్టు కింద కవర్లు నింపిన కవరు ఒకటి ఉంది. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉన్నా, అవి అంతకుముందే చేరాయి కాబట్టి వాటి జోలికి ఎవరూ రాకూడదని మా అమ్మ తీర్పు. ఇక స్నానాల గదిలో నల్లా చుట్టూ పేరుకున్న తెల్లటి చారను చూసి వచ్చినవారంతా 'నల్లగొండ ఫ్లోరైడ్' అని నిట్టూరుస్తారు. నిజానికది బోరునీళ్ల కాఠిన్యం వల్ల పట్టిన సున్నపు పొర. స్నానం కాగానే పొడిగుడ్డతో తుడిస్తే పట్టదట. కానీ రోజూ అరనిమిషం తుడవడం కన్నా, ఏడాదికోసారి నిమ్మచెక్కలతో మధ్యాహ్నమంతా రుద్దడంలోనే పౌరుషం ఉందని నా నమ్మకం.

ఇంత చెప్పినా, మేం సర్దలేమని ఎవరూ అనుకోవద్దు. మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి వస్తున్న పెద్దమ్మ దారిలో ఫోన్ చేసి, "నార్కట్‌పల్లి దాటినం కొడుకా" అన్నది. అక్కడినుంచి మా గుమ్మానికి ఇంచుమించు అరగంట. ఆ అరగంటలో మేం చేసింది చూస్తే పది నిమిషాల ప్రచారకులు సిగ్గుపడేవారు. దివాన్ మీది బట్టలను చద్దరుతో సహా మూట కట్టాం. హెల్మెట్, కరెంటు బిల్లులు, మందుల డబ్బా, నెల రోజుల పేపర్లు ఒకే బుట్టలోకి చేరాయి. మూట, బుట్ట, ఇస్త్రీపెట్టె కలిసి పడకగదిలోకి వెళ్లాక బయట గొళ్లెం పెట్టాం. కూర్చోవడానికి చాలవేమోనని ఆ చరిత్రాత్మక కుర్చీని సైతం ఖాళీ చేసి హాల్లోకి తెచ్చాం. ఫోన్ చార్జర్ ఆ మూటలోనే ఉన్నదని మూడు రోజుల తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

పెద్దమ్మ లోపలికి వచ్చి నలుదిక్కులా చూసి, "ఎంత నీటుగ పెట్టుకున్నరు కొడుకా" అని మెచ్చుకున్నది. మా ఆవిడ వినయంగా తల వంచుకున్నది. కాళ్లు కడుక్కోవడానికి లేస్తూ పెద్దమ్మ తన ఎండ గొడుగును ఆ కుర్చీలో ఉంచి, "జర ఈడ పెడుతున్న, పోయేటప్పుడు తీస్త" అన్నది.

సాయంత్రం బస్సు వేళవుతుంటే హడావుడిగా వెళ్లిపోయారు. కుర్చీ గొడుగుతోపాటు పడకగదికి తిరిగి వచ్చింది. ఇప్పుడు ఆ గొడుగు మీద నావి రెండు అంగీలున్నాయి.