ఒక కప్పు కాఫీకి ఎంతసేపు కూర్చోవచ్చు?

లాప్‌టాప్ పట్టుకుని పని చేసుకోవడానికి నేను తరచూ వెళ్లే కెఫేలో గోడ పక్కన ఉండే సీటు నాకు బాగా అలవాటు. ప్లగ్ పాయింట్ చేతికందే ఎత్తులో ఉంటుంది, పక్కనుంచి వచ్చిపోయేవాళ్లు ఉండరు. కొన్నాళ్ల కింద వెళ్లి కూర్చుని చార్జర్ బయటికి తీస్తే ఆ ప్లగ్ పాయింట్ లేదు. దాని మీద తెల్లటి ప్లేటు బిగించేశారు, స్క్రూలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. కప్పు తెచ్చిపెట్టిన కుర్రాడిని అడిగితే "తీసేయమన్నారు సార్" అని ఇబ్బందిగా చెప్పి వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఇంత కరెంటుకి కూడా కక్కుర్తి పడాలా అనిపించింది. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక ఆ కోపం నిలవలేదు.

లాప్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకున్నా, నాలుగు గంటలకి పావు యూనిట్ కూడా కాదు. ఆ ఖర్చు ఏ యజమానికీ లెక్కలోకి రాదు. ప్లగ్ పాయింట్ మూయించింది సీటు ఖాళీ అవడం కోసం. కాఫీకి వచ్చే మామూలు మనిషి సుమారు 40 నిమిషాలు కూర్చుంటాడనుకుందాం. నేను కూర్చున్న నాలుగు గంటల్లో అదే సీటులో ఆరుగురు కూర్చుని లేచేవాళ్లు. అదీ నలుగురు పట్టే టేబుల్ దగ్గర ఒక్కడినే బ్యాగు, హెడ్‌ఫోన్స్, వైర్లు పరుచుకుని కూర్చుంటే నష్టం ఇంకా ఎక్కువ. కెఫే అద్దె, జీతాలు, కాఫీ గింజల ఖర్చు అన్నీ ఆ సీట్ల మీదే రావాలి.

అయితే ఈ లెక్కలో రెండో సగం కూడా ఉంది. సగం కుర్చీలు ఖాళీగా ఉండే వేళ నేను నాలుగు గంటలు కూర్చున్నా ఎవరి సీటూ లాక్కున్నట్టు కాదు. పైగా ఖాళీ కెఫేలోకి అడుగుపెట్టడానికి జనం వెనకాడతారు, లోపల ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటేనే ధైర్యంగా వస్తారు. అందుకే పని చేసుకోవడానికి ఏ కెఫే మంచిదన్న ప్రశ్నకి ఏ వేళకి, ఏ పనికి అన్నది కలపకుండా జవాబు చెప్పలేం. ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలు వైఫై స్పీడు, ఏసీ, అందమైన గోడల దగ్గరే ఆగిపోతాయి. మనం అక్కడ కూర్చోవడం ఆ కెఫేకి ఇష్టమేనా అన్నది ఎవరూ రాయరు. నా ఉద్దేశంలో మొదట చూడాల్సింది అదే.

కాఫీ దుకాణంలో కూర్చుని పని చేసుకోవడం కొత్త కాదు. 1680ల చివర్లో లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్ నడిపేవాడు. ఓడల యజమానులు, కెప్టెన్లు, వర్తకులు అక్కడే కూర్చుని బేరాలు, బీమాలు కుదుర్చుకునేవారు. లాయిడ్ వాళ్లని లేపి పంపేయలేదు. వాళ్లకి కావలసిన ఓడల వార్తలు తానే సేకరించి ఇచ్చాడు. ఇవాళ లాయిడ్స్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన బీమా మార్కెట్ అక్కడ పుట్టిందే. పని చేసుకునేవాళ్లు వస్తారని తెలిసి, వాళ్లకి తగ్గట్టు దుకాణాన్ని సర్దుకున్న మనిషి ఆయన. మన కాలానికొస్తే, స్టార్‌బక్స్ 2010 జూలైలో అమెరికాలోని తన దుకాణాల్లో వైఫై ఉచితం చేసింది. అంతకుముందు చాలామంది దానికి డబ్బు కట్టాల్సి వచ్చేది. కప్పుతో పాటు నెట్ కూడా ఉంటుందని జనం అనుకోవడానికి ఇలాంటి నిర్ణయాలు పెద్ద కారణం.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి చోట్లని 'మూడో చోటు' అన్నాడు. ఇల్లు మొదటిది, పనిచేసే చోటు రెండోది, నలుగురూ కలిసి మాట్లాడుకునేది మూడోది. ఆయన దృష్టిలో అక్కడ జరగాల్సిన ముఖ్యమైన పని కబుర్లే. మనం లాప్‌టాప్ పట్టుకెళ్లి రెండో చోటుని తీసుకెళ్లి మూడో దాంట్లో పెట్టాం. కబుర్లకి వచ్చినవాళ్లు చుట్టూ స్క్రీన్లు చూసి గొంతు తగ్గించుకుంటున్నారంటే, మనం వాళ్ల దగ్గర ఏదో తీసుకున్నట్టే. ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే నాకూ ఆ సందడి ఇష్టమై కదా అక్కడికి వెళ్లేది.

అసలు సందడిలో పని ఎందుకు సాగుతుంది? 2012లో రవి మెహతా, జూలియట్ జు, అమర్ చీమా అనే పరిశోధకులు దీన్నే పరీక్షించారు. 50 డెసిబెల్స్ తక్కువ శబ్దంలో కన్నా 70 డెసిబెల్స్ మోస్తరు శబ్దంలో జనం కొత్త ఆలోచనలు కావలసిన పనులు బాగా చేశారని తేలింది. శబ్దం 85కి పెరిగేసరికి పని దెబ్బతింది. ఓ మోస్తరు రద్దీ ఉన్న కెఫే దాదాపు ఆ 70 దగ్గరే ఉంటుంది. కానీ దీన్ని పట్టుకుని శబ్దం మంచిదనేస్తే పొరపాటే. కప్పుల చప్పుడు, మెషీన్ బుసలు, పదిమంది కలగలిసిన హోరు మనసుకి అడ్డం రావు. విడిగా అర్థమయ్యే మాటే అడ్డం వస్తుంది. అందులోనూ ఫోన్‌లో మాట్లాడేవాళ్ల మాట మరీ. 2010లో కార్నెల్ యూనివర్సిటీలో లారెన్ ఎంబర్సన్ బృందం చేసిన ప్రయోగంలో, ఇద్దరి సంభాషణ మొత్తం వినిపించినప్పటి కంటే ఒక వైపు మాటలే వినిపించినప్పుడు జనం ఎక్కువ తప్పులు చేశారు. అవతలివాళ్లు ఏమన్నారో తెలియదు కాబట్టి, ఆ ఖాళీ పూరించడానికి మన బుర్ర మనకి తెలియకుండానే అటు పరుగెత్తుతుంది.

ఒకసారి నా పక్క టేబుల్ ఆయన "అదే చెప్తున్నా... కాదు... సరే, మరి ఆవిడేమంది?" అంటూ ముప్పావుగంట మాట్లాడాడు. ఆ రోజు నేను ఒకే పేరాని నాలుగుసార్లు చదివాను. ఆవిడేమందో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది. అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: కెఫేలో కాల్స్ మాట్లాడను. తప్పనిసరైతే లేచి బయటికి వెళ్తాను. మీటింగులు ఎక్కువగా ఉన్న రోజు అసలు కెఫే ముఖమే చూడను. రాసుకోవడానికి, చదవడానికి, ప్లాన్ వేసుకోవడానికి కెఫే బాగుంటుంది. రోజంతా కాల్స్ ఉన్నవాళ్లకి మంచి కెఫే అంటూ ఉండదు, వాళ్లకి కావలసింది తలుపు ఉన్న గది.

నెట్ విషయంలో జనం చూసేది డౌన్‌లోడ్ స్పీడు. మనల్ని ఇబ్బంది పెట్టేది అప్‌లోడ్, ఆ తర్వాత నిలకడ. ఫైల్స్ పంపడానికైనా, బయట బెంచీ మీద కూర్చుని వీడియో ఆన్ చేయడానికైనా రెండు వైపులా 4 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. టెస్టులో వంద చూపించి నిమిషానికోసారి తెగిపోయే లైన్ కంటే అది ఎంతో నయం. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, పాత తరహా వైఫై బ్యాండూ అక్కడే. కౌంటర్ పక్కన కూర్చున్నప్పుడు, ఎవరికో ఏదో వేడిచేసి ఇచ్చిన ప్రతిసారీ నెట్ తడబడుతుంటే కారణం అదే కావచ్చు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారితే ఆ బాధ ఉండదు, కాకపోతే గోడలు అడ్డమొస్తే దాని సిగ్నల్ తొందరగా తగ్గిపోతుంది. పాస్‌వర్డ్ లేని వైఫై మీద బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. అలాంటి వాటికి ఫోన్ హాట్‌స్పాట్ ఉండనే ఉంది.

టేబుల్ సంగతి తేలిగ్గా తీసుకుంటాం గానీ సాయంత్రానికి మెడ గుర్తుచేస్తుంది. మామూలు రాతబల్ల ఎత్తు 72 నుంచి 75 సెంటీమీటర్లు. సోఫా ముందుండే పొట్టి బల్ల మోకాళ్ల దాకా కూడా రాదు, దాని మీద గంట టైప్ చేస్తే నడుం పట్టేస్తుంది. కిటికీ పక్కవైపు ఉండేలా కూర్చోవాలి. వెనక ఉంటే స్క్రీన్ అద్దంలా మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లు లాగుతాయి.

మళ్లీ సీటు దగ్గరికే వస్తాను. రద్దీ వేళల్లో లాప్‌టాప్ వద్దని, లేదా రెండు గంటలకి మించి కూర్చోవద్దని బోర్డు పెట్టే కెఫేల మీద చాలామంది కోప్పడతారు. నాకు అలాంటి బోర్డంటే గౌరవం. ప్లగ్ పాయింట్‌కి ప్లేటు బిగించి, వైఫై నెమ్మది చేసి, ఖాళీ కప్పు తీసుకెళ్లే వంకతో పదిసార్లు టేబుల్ దగ్గరికి రావడం కంటే రాసి పెట్టడమే మర్యాద. పొడవాటి టేబుల్ ఒకటి వేసి లాప్‌టాప్ వాళ్లని అక్కడ కూర్చోబెట్టే కెఫేలు ఇంకా మంచివి. ఒక్కొక్కరికి ఒక్క కుర్చీ చాలు, మిగతా టేబుళ్లు కబుర్లవాళ్లకి మిగులుతాయి.

ఇక్కడ కనిపించని మూడో మనిషి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ. ఆఫీసు స్థలం తగ్గించుకుని అద్దె మిగుల్చుకుంది. ఇంట్లో విడిగా గది లేని ఉద్యోగి కెఫేకి వెళ్లాడు. అంటే కంపెనీ ఇవ్వాల్సిన కుర్చీ ఖర్చు సగం ఆ ఉద్యోగి జేబులోంచి, సగం కెఫే యజమాని లాభంలోంచి పోతోంది. ఇది న్యాయం కాదు. ఉద్యోగులకి ఇంటర్నెట్ బిల్లు డబ్బులిచ్చే కంపెనీలు, కూర్చునే చోటుకి కూడా నెలకింత అని ఇవ్వాలి. ఆ డబ్బుతో కోవర్కింగ్ స్థలంలో (రకరకాల వాళ్లు అద్దెకి పంచుకునే ఆఫీసులో) డెస్క్ తీసుకుంటాడో, కెఫేలో రెండు గంటలకోసారి మళ్లీ ఆర్డరిస్తాడో అతని ఇష్టం.

ప్లేటు బిగించిన కెఫేకి వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి కౌంటర్ దగ్గరే ఆగి, మీకు రద్దీ లేని వేళ ఏదని మేనేజర్‌ని అడిగాను. ఆయన కాసేపు నా బ్యాగు వైపు చూశాడు. "భోజనాల టైమ్ అయిపోయాక సాయంత్రం ఐదు దాకా ఖాళీయే సార్. అప్పుడు రండి" అన్నాడు. ఆగి, మెట్ల కింద ఉన్న చిన్న టేబుల్ చూపించాడు. "దానికి ప్లగ్ పాయింట్ ఉంది."