రాత్రి బ్యాంకు సర్వర్ ఎందుకు ఆగుతుందో చెప్తాను, వినండి బాబాయ్

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. మొదట ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత ఇద్దరు స్నేహితులు విడివిడిగా, చివరికి మా బాబాయ్. కింద "నువ్వు ఈ ఫీల్డే కదమ్మా, నిజమేనా?" అని ఆయన ప్రశ్న. అడిగారు, సంతోషం. కానీ నేను జవాబిచ్చేలోపే ఇంకో నాలుగు గ్రూపులకు పంపేశారు.

చూడనివాళ్ల కోసం దాని సారాంశం: పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు ఇంకా అరవై ఏళ్ల నాటి డొక్కు కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయట. కోబాల్ అనే చచ్చిపోయిన ప్రోగ్రామింగ్ భాష వాడుతున్నాయట. వై2కే, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీల లెక్క తప్పుతాయన్న సమస్య, దాని పేరుతో ఐటీ కంపెనీలు లోకాన్ని మోసం చేశాయట. ఏఐతో రెండు రోజుల్లో అంతా కొత్తగా రాసేయొచ్చట. కస్టమర్ ఎక్కడికీ పోడు కాబట్టి బ్యాంకులు కంప్యూటర్ల మీద ఖర్చు పెట్టవట. అన్నింటికీ మించి, రాత్రిళ్లు "సర్వర్ డౌన్" అని చెప్పి ఆ రెండు మూడు గంటలు మన డబ్బును బయట వడ్డీకి తిప్పుకుంటాయట. కాబట్టి డబ్బు తీసేసి ఇంట్లో పెట్టుకోండి, పది మందికి షేర్ చేయండి.

నేను అమీర్‌పేటలో కోబాల్, దానితో పాటు వాడే జేసీఎల్, డీబీ2 నేర్చుకుని, పద్దెనిమిదేళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద బతుకుతున్నదాన్ని. అందులో సగం నైట్ షిఫ్టులే. కాబట్టి ఈ ఒక్కసారికి ఓపిక తెచ్చుకుని రాస్తున్నాను.

చిల్లర విషయాలు ముందు. కోబాల్‌ను కనిపెట్టింది ఈవిడే అంటూ మెసేజ్‌తో వచ్చిన ఫొటోలో ఉన్నావిడ గ్రేస్ హాపర్, అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త. కోబాల్‌ను ఆవిడ ఒక్కరే కనిపెట్టలేదు. 1959లో ఒక కమిటీ కూర్చుని మొదలుపెట్టింది, ఆవిడ అంతకుముందు చేసిన ఫ్లో-మ్యాటిక్ అనే భాష దానికి పునాది. డొక్కు కంప్యూటర్లా? పాతది భాష, మెషీన్ కాదు. ఐబీఎం 2025లో కూడా కొత్త మెయిన్‌ఫ్రేమ్ దింపింది. తెలుగు వెయ్యేళ్ల భాష కదా అని మీ ఫోన్‌లో కీబోర్డు నన్నయ నాటిది అంటామా? పైగా మన దేశంలో చాలా బ్యాంకులు వాడేది ఫినాకిల్ లాంటి కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్. వాటికి అరవై ఏళ్లు ఎక్కడివి?

"చచ్చిపోయిన భాష" దగ్గర కాస్త ఆగుతాను. చాలా కొత్త భాషల్లో 0.1కి 0.2 కలిపి చూడండి. 0.30000000000000004 అని వస్తుంది. ఆ భాషల తప్పు కాదు, దశాంశాలను మామూలుగా అవి దాచుకునే పద్ధతే అంత. వీడియో గేమ్‌కు ఫర్వాలేదు. కోటి ఖాతాల వడ్డీకి? కోబాల్‌లో ప్రతి అంకెకూ ముందే చోటు చెప్పేస్తాం: చుక్కకు ముందు ఏడు అంకెలు, తర్వాత రెండు, అంతే. పైసా అంటే పైసానే. కొత్త భాషల్లోనూ దీనికి ఏర్పాటు ఉంది, కాకపోతే అడిగి తెచ్చుకోవాలి. కోబాల్‌లో అది పుట్టుకతోనే ఉంది.

వై2కే మోసమా? "ఏమీ జరగలేదు కదా" అంటారు. ఏమీ జరగకుండా చూసినవాళ్లలో మా పెద్దన్నయ్య ఒకడు. మూడు నెలలు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని 1998లో అమెరికా విమానం ఎక్కాడు. అప్పట్లో స్థలం ఆదా చేయడానికి సంవత్సరంలో చివరి రెండంకెలే దాచేవాళ్లు. 1995లో తీసుకున్న పదేళ్ల అప్పు 05లో తీరుతుంది. 05 లోంచి 95 తీస్తే మైనస్ 90 ఏళ్లు. ఇలాంటి లెక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో లక్షల లైన్లలో వెతికి దిద్దారు. రోడ్డు గుంత పూడ్చాక ఎవరూ పడలేదు కాబట్టి గుంతే అబద్ధం అన్నట్టుంది ఈ వాదన.

ఏఐ సంగతి. కోబాల్ లైన్‌ను జావా లైన్‌గా మార్చడం ఏఐకి చేతనవుతుంది, నేనూ వాడుతున్నాను. తంటా అక్కడ కాదు. నేను చూసే ఒక ప్రోగ్రామ్‌లో ఒక షరతు ఉండేది: ఫలానా బ్రాంచి నంబర్ల ఖాతాలైతే వడ్డీని పై పైసాకు సరిచెయ్యి. ఎందుకు? పక్కన కామెంట్ లేదు. టెస్టులో తీసేస్తే లెక్క పైసల్లో తేడా వచ్చింది. రిటైరైన ఒక పెద్దాయనకు మెయిల్ పెడితే తెలిసింది. ఎప్పుడో చిన్న బ్యాంకు ఒకటి ఆ ప్రోగ్రామ్ వాడే బ్యాంకులో కలిసినప్పుడు, దాని పాత ఖాతాదారులకు ఇచ్చిన మాట అది. ఆ మాట ఏ ఫైలులోనూ దొరకలేదు, ఆ ఒక్క లైనులోనే బతికుంది. పెద్ద కంపెనీ కంప్యూటర్ సిస్టం అంటే సగం ఇదే, ఎవరెవరికో ఇచ్చిన మాటల మూట. ఆ లైనును ఏఐ చక్కగా జావాలోకి మారుస్తుంది. ఉంచాలా తీయాలా అని మాత్రం ఎవరిని అడుగుతుంది?

మార్చేయడం అంత తేలికైతే బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకును అడగండి. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో 50 లక్షలకు పైగా కస్టమర్ల వివరాలను పాత సిస్టం నుంచి కొత్తదానికి తరలించింది. 19 లక్షల మంది దాకా తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. సీఈఓ దిగిపోయాడు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. వాళ్లు రెండు రోజుల్లో కాదు, ఏళ్ల తరబడి తయారై చేసిన పని అది.

ఇక అసలు విషానికి వస్తాను. ఈ మెసేజ్ చదివి మా పిన్ని గురువారం బ్యాంకుకు వెళ్లి, ఎఫ్‌డీని మధ్యలో రద్దు చేసి, మూడు లక్షలు తెచ్చి బీరువాలో చీరల కింద పెట్టింది. ముందే తీసినందుకు వడ్డీలో కోత కూడా పడింది. కాబట్టి ఈ రాత్రి సంగతి మాత్రం నవ్వి వదిలేయలేను.

రాత్రి జరిగేది ఈఓడీ, అంటే ఆ రోజు లెక్క ముగించడం. పాత రోజుల్లో బ్రాంచిలో షట్టర్ దించాక క్లర్కులు పెద్ద లెడ్జర్లు ముందేసుకుని పద్దులు సరిచూసేవాళ్లు. రూపాయి తేడా వస్తే అందరూ కూర్చోవాల్సిందే. ఇప్పుడు అదే పని కంప్యూటర్ చేస్తుంది. రోజంతా జరిగిన జమలు, ఖర్చులు రెండువైపులా సరిపోయాయా చూడాలి. ప్రతి ఖాతాకు ఆ రోజు వడ్డీ కట్టాలి. రేపటి ఈఎంఐలు సిద్ధం చేయాలి. అన్నీ కుదిరాకే తేదీ మారుతుంది.

ఆ రోజువారీ వడ్డీ ఎప్పటి నుంచో గుర్తుందా బాబాయ్? 2010 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు సేవింగ్స్ ఖాతాలో 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనీస బ్యాలెన్స్ మీదే వడ్డీ ఇచ్చేవాళ్లు. 11న లక్ష వేస్తే ఆ నెల ఆ లక్షకు సున్నా. ఇప్పుడు రెండున్నర శాతం అనుకున్నా లక్షకు రోజుకు 6 రూపాయల 85 పైసలు పడతాయి. దేశంలో ఉన్న అన్ని కోట్ల ఖాతాలకు ఇది ప్రతి రాత్రీ లెక్కకట్టాలి. మీ డబ్బు దోచుకుంటున్నారని మీరు పంపిన ఆ రెండు గంటల్లోనే మీ వడ్డీ పుడుతోంది.

మరి రాత్రి బ్యాలెన్స్ తేడాగా ఎందుకు కనిపిస్తుంది? ఈఓడీ నడిచేటప్పుడు ఏటీఎం, యూపీఐ పూర్తిగా ఆగకుండా చాలా బ్యాంకులు బ్యాలెన్స్ కాపీ ఒకటి పక్కన పెట్టి దాన్నిబట్టి నడిపిస్తాయి. తర్వాత అసలు లెడ్జర్‌లోకి ఎక్కిస్తాయి. ఆ మధ్యలో చూస్తే తేడా కనిపించొచ్చు. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి. రాత్రంతా సర్వర్ ఆపేసి దొంగతనం చేసేవాడు ఇవి ఎందుకు తెరిచి ఉంచుతాడు?

అసలు డబ్బు తిప్పుకోవడానికి బ్యాంకు చీకటి పడేదాకా ఆగాలా? మీ డిపాజిట్‌ను పట్టపగలే, బోర్డు పెట్టి మరీ అప్పులిస్తుంది. మీ హోంలోన్ మేనేజరు జేబులోంచి తీసి ఇచ్చాడనుకున్నారా?

ఈ రాత్రి పని ఆగిపోతే ఏమవుతుందో కూడా తెలుసు. 2012 జూన్‌లో బ్రిటన్‌లోనే ఆర్‌బీఎస్ బ్యాంకులో, ఈ రాత్రి పనులను, అంటే బ్యాచ్ జాబులను, వరుసగా నడిపే సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ బెడిసికొట్టింది. 65 లక్షల మంది ఇబ్బంది పడ్డారు. జీతాలు ఖాతాల్లో పడలేదు, బిల్లులు కట్టలేకపోయారు. రెండేళ్ల తర్వాత 5.6 కోట్ల పౌండ్ల జరిమానా పడింది.

మా దగ్గర అలాంటిది చిన్నస్థాయిలో నెలకోసారి ఉంటుంది. తెల్లవారుజామున 2:40కి ఫోన్ మోగుతుంది. "మేడం, జాబ్ అబెండ్ అయింది, సాక్ సెవెన్." జాబ్ మధ్యలో ఆగిపోయిందని, అంకె ఉండాల్సిన చోట ఇంకేదో ఉందని అర్థం. లక్షల రికార్డుల్లో ఒక్క రికార్డులో, మొత్తం ఉండాల్సిన చోట ఎవరో ఖాళీలు పంపారు. దాన్ని వెతికి పక్కన పెట్టి, జాబ్ మళ్లీ ఎక్కించి, బ్రాంచిలు తెరిచేలోపు తేదీ మార్చాలి. మీ డబ్బు బయట షికారు చేస్తోందని మీరు ఫార్వర్డ్ కొట్టే వేళకు నేను ఆ ఖాళీలు వెతుకుతూ చల్లారిన టీ తాగుతుంటాను.

అన్నీ కొట్టేశాను కానీ, ఖర్చు పెట్టవన్న పాయింట్ దగ్గర చెయ్యి ఆగింది. అది పూర్తిగా అబద్ధం అనలేను. తరచూ సర్వీసులు ఆగుతున్నాయని 2020 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును కొత్త డిజిటల్ పథకాలు మొదలుపెట్టకుండా, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా ఆపింది. 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకును ఆన్‌లైన్‌లో కొత్త కస్టమర్లను చేర్చుకోవద్దంది. ఐటీ వ్యవస్థలో లోపాలే కారణంగా చూపింది. మా రంగంలోనూ సిస్టం నడుస్తున్నంతకాలం దాని మీద పైసా అడిగితే పైవాళ్ల మొహాలు మారిపోతాయి. ఆ పెద్దాయనలాంటి వాళ్లు రిటైరయ్యేముందు తెలిసింది రాయించుకుందాం అని నేను మూడేళ్లు అడిగాను. బడ్జెట్ లేదన్నారు. రాత్రి 11 తర్వాత "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక్క ముక్క పంపి, ఏం జరుగుతోందో చెప్పకపోతే, జనం ఇలాంటి కథలు అల్లుకోవడంలో వింత లేదు.

అయినా చీరల కింద మూడు లక్షలు ఉంచడం దానికి మందు కాదు. బ్యాంకు మూతపడినా, అసలు, వడ్డీ కలిపి ఒక డిపాజిటర్‌కు ఒక బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. 2020కి ముందు లక్షే. బీరువాకు ఆ లక్షా లేదు.

బాబాయ్, సోమవారం పిన్నిని మీరే బ్యాంకుకు తీసుకెళ్లండి. పొద్దున్నే తలుపు తీసే వేళకు ఉంటే రద్దీ తక్కువ. ఆ నాలుగు గ్రూపుల్లోనూ ఇది పెట్టండి. పది మందికి పంపక్కర్లేదు, ఆ నాలుగు చాలు.